గురువారం ట్యూషన్

చీటీ మీద ఆఖరి అంకె
మూడో ఎనిమిదో తెలీదు.
రిమ్స్‌లో సెలైన్ మార్చిన కుర్రోడు రాసిచ్చాడు,
మాత్రల అట్ట చింపి, దాని వెనక.
నాలుగు నెలలు చొక్కా జేబులో ఉంది,
ఒకసారి చొక్కాతోపాటే ఉతుక్కుంది.

మూడు నొక్కితే కోళ్ల దాణా కొట్టు.
"ఎన్ని బస్తాలు?" అన్నాడు.
పెట్టేశాను. ఆ పూట తాగాను,
దాణా కొట్టోడి మీద కోపంతో.

ఎనిమిది నొక్కడానికి ఇంకో పదకొండు రోజులు.
ఎవరో పెద్దాయన. ఎంత తాగుతావని అడగలా.
"యాడున్నావు నాయనా?" అన్నాడు.
చీమకుర్తి, అన్నాను.
"గురువారం ఆరున్నరకి ఒంగోలు రా.
ఇస్కూలు మేడ మీద. మెట్లు పక్క సందులోంచి."

చీమకుర్తి నించి ఒంగోలు ఎన్ని కిలోమీటర్లో
అడిగితే చెప్పలేను.
ఎన్ని బ్రాందీ కొట్లో చెప్తాను,
ఏ కొట్లో ఎవరు అరువిస్తారో,
ఏ కొట్టు ముందు నా చెప్పు తెగిందో.
ఆ రోజు బస్సులో కిటికీ పక్కన
అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

సందు ముందు మూడుసార్లు తిరిగాను.
బోర్డు లేదు.
టీ కొట్టాయన చూస్తానే ఉన్నాడు.
తాగుడు మానేవాళ్ల మీటింగు యాడ, అని అడగాలి.
నోరు తెరిస్తే
"పెద్దోళ్లకి ట్యూషన్ చెప్తారంట, యాడండీ?" అని వచ్చింది.
ఆయన గ్లాసు కడుగుతా
నవ్వలా.
"ఈ నెల్లో ట్యూషన్ అడిగినోళ్లలో నువ్వు మూడోవాడివి.
పైకి పో. ముందు టీ తాగి పో.
చేతులు వణుకుతున్నాయిగా, సగమే పోస్తాలే."

సగం గ్లాసు టీ.
అంత మర్యాద ఈ మధ్య నాకెవరూ చెయ్యలా.

రెండో తరగతి గది.
బల్లలు మోకాళ్ల దాకా కూడా రావు.
బోర్డు మీద చెరపని ఏడో ఎక్కం.
తొమ్మిదిమంది, కాళ్లు ముడుచుకుని,
బడి వదిలినా ఇంటికి పంపని పిల్లల్లా.
ఒకాయన కోర్టు గుమస్తా. ఒకమ్మాయి నర్సు.
ఆమెను చూసి తల దించుకున్నాను,
ఆడమనిషి ముందు చెప్పుకోవాల్సి వస్తుందని.
ఆమే ముందు చెప్పింది,
వార్డులో స్పిరిట్ సీసా ఖాళీ చేసి
నీళ్లు నింపిన రాత్రి గురించి,
ఎవరికో జ్వరం ఎంతుందో చెప్పినట్టు.

నా వంతు వచ్చింది.
మాల్యాద్రి, అన్నాను. ఇంటిపేరు చెప్పబోతుంటే
ఫోన్లో గొంతు, మస్తాన్ గారట, చెయ్యెత్తాడు.
"ఈడ ఇంటిపేర్లు వద్దులే."
ఊళ్లో నన్ను యాడ కూర్చోబెట్టాలో
ఇంటిపేరడిగి తేల్చుకునేవాళ్లు.
ఈడ కూర్చున్నాక పేరడిగారు.

అంకమ్మ గొలుసు సంగతి చెప్పలా.
పాప పరీక్ష ఫీజు సంగతి చెప్పలా.
"పాలిషింగు పని," అన్నాను, "గెలాక్సీ రాయి."
అంతే. ఎవరూ తొందరపెట్టలా.
ఫ్యాను తిరుగుతానే ఉంది.

రాయి సంగతైతే నాకు తెలుసు.
ముందు గరుకు బిళ్ల, తర్వాత సన్నం, ఇంకా సన్నం,
నీళ్లు ఆగకుండా పడతా ఉండాలి.
మొదటి బిళ్లకే మొహం చూసుకోవాలనుకునేవాడు
రాయి పాడుచేస్తాడు.
కుర్రాళ్లకి రోజూ చెప్పే మాటే.
నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలా.

"ఎన్ని రోజులైంది?" అన్నాడు మస్తాన్ గారు.
ఇయ్యాల పొద్దున్నించి, అన్నాను.
తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు.
ఎగతాళేమోనని ఒక్కో మొహం చూశాను. కాదు.

ఆఖరి బస్సు. అవే కొట్లు, ఈసారి రెండో పక్క.
ఒక కొట్టు ఎదురుగా బస్సు చాలాసేపు ఆగింది,
ఎవరిదో మేక ఎక్కనంటే ఎక్కనంది.
లేచాను. నిజం చెప్తున్నా, దిగాను కూడా.
మేకని వెనకనించి నెట్టి
దాంతోపాటే ఎక్కాను.

గుమ్మంలో అంకమ్మ వాసన చూసింది.
ఏమీ అనలా, మళ్లీ చూసింది.
"యాడికి పోయావు?"
ట్యూషన్, అన్నాను.
పాప పుస్తకంలోంచి తలెత్తి
"ఏం చెప్పారు?" అంది.
ఏడో ఎక్కం, అన్నాను.
ఇంకా ఏడొకట్ల ఏడు దగ్గరే ఉన్నాను.